తాతమ్మ రాయికి తల ఎటు?

ఎసౌయిరా,
మంగళవారం, విపరీతమైన గాలి

మోకాళ్ళు తప్ప అన్నీ గట్టిగా ఉన్న మా అమ్మమ్మ మెస్సోడాకి,

ఈ ఉత్తరంలో రాయబోయే ప్రతి మాటకీ ముందుగానే తల వంచి, వీలైతే నేలకి ఆనించి, క్షమాపణ కోరుతున్నాను. ఈ శీతాకాలం సముద్రం మన యూదుల శ్మశానం గోడని పడగొట్టినందుకు నన్ను క్షమించు. ఆ గోడ రాయి అంతమందిని వదిలేసి సరిగ్గా మీ అమ్మ ఫ్రేహా సమాధి మీదే దొర్లినందుకు క్షమించు. ఈ ఊళ్ళో గాలి ఆగనందుకు, మేస్త్రీలు మేస్త్రీలుగా పుట్టినందుకు, నేను మా నాన్నకి పుట్టినందుకు, అన్నిటికీ బాధ్యుణ్ణి నేనే. వీటిలో ఏ ఒక్కటీ నేను చేయలేదనుకో, అది వేరే సంగతి.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో నేను చెప్పేదాంట్లో నీకు సగమే వినపడుతుంది, ఆ సగానికే పూర్తి తిట్లు తిడతావు. కాగితం మీదైతే నీ తిట్లు కాసాబ్లాంకా నుంచి ఇక్కడికి వచ్చేసరికి కాస్త చల్లారతాయి.

రాయి చూశాను. చూశానంటే గోడ ఇవతల నుంచి, అరువు తెచ్చిన దుర్భిణీతో. నడుము దగ్గర అడ్డంగా విరిగింది, రెండు ముక్కలు. నువ్వు చెప్పినట్టే మనిషి ఆకారంలో చెక్కి సమాధి మీద పడుకోబెట్టే పాతకాలపు రాయి. ఉప్పుగాలి తిని తిని భుజాలేవో పాదాలేవో దూరానికి తెలియకుండా అయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి నీ తెలివిని మెచ్చుకోనీ. మనవాళ్ళంతా దేశం వదిలి అష్దోద్‌లో, మాంట్రియల్‌లో హాయిగా కూర్చుని ఉండగా, శ్మశానంలో పని చేయించడానికి నీకు దొరికిన ఒకే ఒక్క మనవడు కొహెన్, పూజారుల వంశం వాడు! మన పెద్ద గుడి కూలి రెండువేల ఏళ్ళు దాటింది. దానితోపాటు మా నాన్న వంశానికి ఉద్యోగం పోయింది, గౌరవం పోయింది, బలి మాంసంలో వాటా పోయింది. మైల ఒక్కటీ మిగిలింది. చచ్చిపోయినవాళ్ళ దగ్గరికి పోకూడదు. అమ్మా నాన్నా, పెళ్ళాం, బిడ్డలు, తోబుట్టువులైతే పోవచ్చునట. అమ్మమ్మ వాళ్ళమ్మ ఆ వరసలో లేదు. నేను బయలుదేరేటప్పుడు నాన్న నా ముఖం వైపు కాదు, బూట్ల వైపు చూసి అన్నాడు, “గేటు దాకా.” అంతే. మా ఇంట్లో వేదాంతం అంత పొట్టిగా ఉంటుంది.

కాబట్టి నేను గేటు దాకానే. నా ఆఫీసు ఎక్కడంటే, రోడ్డు వైపు గోడకి ఆనించిన సార్డీన్ చేపల పెట్టెల మీద. పెట్టెలు ఇచ్చింది శ్మశానం తాళంచెవి దగ్గరుంచుకునే లల్లా తామో. తామో వాళ్ళ అత్తగారు, ఆవిడ అత్తగారు, అందరూ ఈ గేటు కాసినవాళ్ళే.

“మీ నాన్న వచ్చినా ఇవే ఇస్తాను బాబూ, కొహెన్లకి చేపల పెట్టెలే,” అంది. “కంపు కొడితే మైల కిందికి రాదుగా?”

మేస్త్రీ పేరు బుజెమా. మనిషి పీపాలా ఉంటాడు, గొంతు అంతకంటే పెద్దది, చెవులు మాత్రం ఆయన ఇష్టం. నేను పాత కట్టడాల మీద డిగ్రీ చదివానని తెలిసినప్పటి నుంచి ఇంజనీరు బాబూ అంటున్నాడు. ఆ పిలుపులో గౌరవం ఎక్కడుందో ఇంకా వెతుకుతున్నాను.

“మేస్త్రీ, సిమెంటు వద్దు! ఉప్పు లోపల బిగుసుకుని రాయి పగిలిపోతుంది. సున్నం కలపండి!”

“ఏంటీ?”

“సున్నం!”

“గాలికి వినపడట్లేదు ఇంజనీరు బాబూ!”

అప్పుడే రోడ్డు అవతల గుమ్మంలోంచి తామో, గొంతు కూడా పెంచకుండా, “టీ,” అంది. మేస్త్రీకి వినపడింది.

తాతమ్మ వర్ధంతి నాటికి రాయి ఒక్కటై ఉండాలి, నువ్వు వచ్చి దాని మీద చెయ్యి వేయాలి అన్నావు. ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడు ఎందుకింత పట్టుదల అని అడిగితే, “నీకెందుకు, పని చూడు” అన్నావు. చూస్తున్నాను అమ్మమ్మా. దూరం నుంచి.

పెట్టెల మీద నుంచి,
నీ మైలపడని మనవడు
అమ్రామ్


ఎసౌయిరా,
సోమవారం, వాన వెలిసింది, వెలవకపోయినా బాగుండేది

అమ్మమ్మా, నా బంగారు తిట్ల పెట్టె,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. పక్కన మంచినీళ్ళు పెట్టుకో. పారేయడానికి చేతికి అందేలా ఏమీ పెట్టుకోకు.

ముందు నా గోడు. మన సంఘం ఆఫీసులో పని మొదలుపెట్టడానికి ఒక ముద్ర కావాలన్నారు. ముద్ర ఉన్నాయన మర్రకేష్‌లో మనవరాలి నిశ్చితార్థంలో ఉన్నాడు. ఆయన వచ్చాక ముద్రలో సిరా లేదు. ఈలోపు బుజెమా గోడ చాటున ఏదో బూడిదరంగు బస్తా దించడం దుర్భిణీలో పట్టుకున్నాను.

“అదేంటి మేస్త్రీ?”

“పిండి.”

“రొట్టెలు చేస్తున్నారా సమాధి మీద?”

“సిమెంటు పెడితే రేపటికి రాయైపోతుంది బాబూ. మీ సున్నం ఎప్పటికి ఆరాలి? మీ అమ్మమ్మగారు పోయి ఆవిడా ఇక్కడికే వచ్చేదాకానా?”

“మా అమ్మమ్మ మీ సిమెంటు కంటే ఎక్కువ కాలం ఉంటుంది!”

“అయితే లోపలికొచ్చి మీరే కలపండి. గోడ మీద నుంచి చెప్పడం మా అత్తగారికి కూడా వచ్చు.”

ఆ మాటకి మేస్త్రీ అల్లుడు లార్బీ పార పట్టుకునే వంగి వంగి నవ్వాడు. నాకు రోడ్డు మీదికి దూకి తన్నాలనిపించింది, ఎవర్నో తేల్చుకోలేకపోయాను. అక్కడ నా చేతులతో రెండు నిమిషాల్లో అయ్యే పని ఇక్కడ నా గొంతుతో ఒక పూట పడుతోంది. ప్రతి మాటా గాలి ఎత్తుకుపోతోంది. నేను సున్నం అంటే సముద్రంలో పడవవాడు తల తిప్పి చూస్తున్నాడు, పక్కనున్న మేస్త్రీ చూడడు. చివరికి తామో బస్తాని తన ఇంటికి మోయించి, దాని మీద కోళ్ళ గంప బోర్లించింది. “వర్ధంతి అయ్యాక ఇస్తాను,” అంది. అలా సున్నం గెలిచింది.

రెండు ముక్కలకీ లోపల స్టీలు చువ్వలు దూర్చి అతికించారు. మంచి పని చేశాడు, ఒప్పుకుంటాను, ఆయనకి మాత్రం చెప్పను. నిన్న నలుగురు కలిసి రాయిని సమాధి మీదికి ఎత్తారు. బుజెమా, లార్బీ, తామో మొగుడు హ్మాద్, కూలికి వచ్చిన ఒక సఫీ ఊరి కుర్రాడు. నాకు ఒక చెయ్యి గోడ పట్టుకోవడానికి, ఒక చెయ్యి దుర్భిణీకి. చూపించడానికి మూడో చెయ్యి లేదు.

“తల ఎటు బాబూ?” అని అరిచాడు మేస్త్రీ.

ఉప్పు తిన్న రాయి, రెండు చివర్లూ ఒకేలా ఉన్నాయి. నేను నోట్సు చూసుకుని, ఊరివైపు ఎటో చూసుకుని, “కుడివైపు!” అని అరిచాను. జీవితంలో మొదటిసారి ఆయనకి నా మాట స్పష్టంగా వినపడింది.

నా కుడి. ఆయన నాకు ఎదురుగా నిలబడ్డాడు.

ఇవాళ పొద్దున వాన పడింది. రాయి తడిసి నల్లబడి, దాని మీద అరిగిపోయిందనుకున్న చెక్కడం మొత్తం పైకి తేలింది. చాలా అందంగా ఉంది అమ్మమ్మా. మూడు పేటల హారం, మధ్యలో చిన్న చెయ్యి బిళ్ళ. ఆ హారం సముద్రం వైపు ఉంది. వరసలో అందరి తలలూ ఊరివైపు. మా తాతమ్మ ఒక్కతే తలకిందులుగా పడుకుని, హారం కాళ్ళకి వేసుకుంది.

సున్నం ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి లేపి తిప్పొచ్చు. (సిమెంటైతే తాతమ్మ అలాగే ఉండిపోయేది. ఈ విషయం బుజెమాకి ఓ పదిసార్లు చెప్పాను, ఒక్కసారీ వినపడలేదు.) కానీ తిప్పడానికి నలుగురు కావాలి. సఫీ కుర్రాడు అన్న పెళ్ళికి పోయాడు. ఓడరేవుకి పోతే అక్కడ పిల్లులు తప్ప ఎవరూ లేరు. సార్డీన్లు విరగబడి వచ్చాయట, ఊళ్ళో చేతులున్న ప్రతివాడూ పడవ మీదే. రేపోమాపో సున్నం గట్టిపడిపోతుంది.

“ముగ్గురం ఉన్నాం,” అన్నాడు బుజెమా గోడ కింద నిలబడి, నా వైపు చూడకుండా. “నాలుగోవాడు పెట్టెల మీద ఉన్నాడు.”

నేను విననట్టు నటించాను. ఈ ఊరి గాలి నాకూ పనికొచ్చింది. ఈ ఉత్తరం ఇవాళ్టి బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి పంపుతున్నాను. ఏం చేయమంటావో ఆ బస్సులోనే తిరుగు జవాబు పంపు.

సిగ్గుతో, సార్డీన్ కంపుతో,
అమ్రామ్


కాసాబ్లాంకా

ఒరేయ్ అమ్రామ్,

నీ ఉత్తరం చదివాను. మంచినీళ్ళు తాగాను. పక్కన గిన్నె ఉంది గానీ నువ్వు దూరంగా ఉన్నావు.

నీకు కుడీ ఎడమా నేర్పించింది నేనే, కాబట్టి తప్పు నాది కూడా. సరే. డాక్టరు నా మోకాలు చూసి బస్సు ఎక్కొద్దంటున్నాడు. వాడి మాట వింటానో లేదో చెప్పలేను. రాలేకపోతే ఒక పని చేయించు. అదేంటో చెప్పడానికి ముందు ఎందుకో చెప్పాలి, నువ్వు ఎలాగూ అడుగుతావు.

అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నా తమ్ముణ్ణి, అదే మీ నిస్సీమ్ తాతని, కని పోయింది. పుట్టినవాడు ఏడవలేదు, కళ్ళు తెరవలేదు. అమ్మ ఆ గదిలో ఆఖరిసారి అడిగింది ఒకటే, “పిల్లాడు పాలు తాగాడా?” ఎవరూ జవాబు చెప్పలేదు. అందరికీ తెలుసు వాడు బతకడని. అమ్మ అదే అనుకుని పోయింది.

మర్నాడు అమ్మని తీసుకెళ్తున్నారు. ఆడవాళ్ళు శవం వెంట శ్మశానానికి పోరు కదా మనలో, ఇంట్లోనే కూర్చుని ఏడుస్తున్నారు. అప్పుడు పక్కింటి జోహ్రా పరిగెత్తుకుంటూ వచ్చింది. తన పాలు పట్టిందట, వాడు తాగాడట. గుక్క తిప్పుకోకుండా తాగాడట. నేను చెప్పుల్లేకుండా శ్మశానం దాకా పరిగెత్తాను. గేటు దగ్గర ఆపేశారు. ఆడపిల్లవి, ఇంటికి పో అన్నారు. నేను గేటు కమ్మీలు పట్టుకుని అరిచాను, “అమ్మా, పిల్లాడు పాలు తాగాడు!” అని. ఆవేళ కూడా ఇదే గాలి. నా మాట నాకే వినపడలేదు. ఒక మావయ్య నన్ను భుజాన వేసుకుని ఇంటికి మోసుకుపోయాడు.

తర్వాత రెండుసార్లు వెళ్ళాను, పెళ్ళయ్యాక. రాయి చుట్టూ మీ తాత, అత్తగారు, ప్రార్థన చదివే రబ్బీ. అంతమంది ముందు ఆ మాట ఎలా అంటాను? కొవ్వొత్తి వెలిగించి వచ్చేశాను. ఇప్పుడు అత్తగారూ లేరు, మీ తాతా లేడు. నేను సిగ్గుపడాల్సినవాళ్ళంతా పోయారు.

అందుకని తల సరైన వైపు తిప్పించు. నేను మాట్లాడాల్సింది చెవి దగ్గర. కాళ్ళ దగ్గర కాదు. నేను రాలేకపోతే తామో చేత చెప్పించు.

నువ్వు మాత్రం లోపలికి పోకు. పోయావంటే మీ నాన్న నా కూతురు వైపు వాళ్ళంతా ఇంతే అని నేను పోయేదాకా అంటాడు, పోయాక గేటు దగ్గర నిలబడి కూడా అంటాడు. గేటు ఇవతల నిలబడి అరవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. కాస్త ఓర్చుకో.

తిను. చేపలు ఊరికే వస్తున్నాయని మూడు పూటలూ అవే తినకు.

మెస్సోడా


ఎసౌయిరా,
బుధవారం

అమ్మమ్మా,

ఈ ఉత్తరంలో జోకులు తక్కువ, చేతులు నొప్పిగా ఉన్నాయి. అంటే రాసి రాసి.

రాయి తిరిగింది. తాతమ్మ హారం మెడలోకి వచ్చింది. తల ఊరివైపు, కాళ్ళు సముద్రం వైపు, ఇరుగుపొరుగుతో సమానంగా.

ఎలా జరిగిందో వివరంగా రాస్తాను, లేకపోతే నిద్రపోవు. నీ ఉత్తరం వచ్చేసరికి సున్నం గట్టిపడడం మొదలైంది. నాలుగోవాడు దొరకలేదు. బుజెమా ముగ్గురితోనే చేస్తానని మొండికేశాడు. గడ్డపారలు పెట్టి ఒక పక్క లేపారు, దుంగల మీదికి దొర్లించారు, సగం తిప్పారు. అక్కడ హ్మాద్ కాలు తడి మట్టిలో జారింది. రాయి ఒక పక్కకి ఒరిగిపోయింది. అతుకు సరిగ్గా అంచు మీదికి వచ్చింది. పడితే ఈసారి రెండు కాదు, ఇరవై ముక్కలు. లార్బీ చెయ్యి దాని కిందే ఉంది.

“పట్టుకోండి! ఎవరైనా పట్టుకోండి!” అని బుజెమా అరిచాడు. ఆయన గొంతులో మొదటిసారి వెటకారం లేదు.

అదృష్టం కొద్దీ సరిగ్గా అప్పుడే ఓడరేవు వైపు నుంచి ఒక అపరిచితుడు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చూడడానికి చాలా బాగుంటాడు. మంచి చదువుకున్నవాడిలా కూడా అనిపించాడు. పేరు అడిగే తీరిక లేదు. నాలుగో మూల పట్టుకున్నాడు. నలుగురూ ఊపిరి బిగబట్టి తిప్పారు, దించారు. రాయి మీద గీత కూడా పడలేదు. లార్బీ వేళ్ళన్నీ లెక్కపెట్టుకుని, మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు. ఆ అపరిచితుడు ఎటు వచ్చాడో అటే వెళ్ళిపోయాడు. నేను ఇదంతా పెట్టెల మీద నుంచి చూశాను, గాలి వల్ల కళ్ళలో నీళ్ళు వచ్చాయి కాబట్టి కొంచెం మసగ్గా.

సాయంత్రం బుజెమా నాకు టీ గ్లాసు ఇచ్చి, ఇంజనీరు అనకుండా వట్టి “అమ్రామ్” అన్నాడు. కారణం నాకు తెలియదు.

నీ మోకాలు ఏమంటోంది? రాలేకపోతే ఫర్వాలేదు. తామోకి చెబుతాను.

నీ
అమ్రామ్


ఎసౌయిరా,
వర్ధంతి మర్నాడు

నా అమ్మమ్మా,

నిన్ను బస్సు ఎక్కించి వచ్చి ఇది రాస్తున్నాను. నువ్వు ఇల్లు చేరిన తర్వాతే ఇది చేరాలి, అందుకే పోస్టులో వేస్తున్నాను, డ్రైవరు చేతికి ఇవ్వలేదు.

డాక్టరు మాట విననందుకు నిన్ను తిట్టాలి, కానీ బస్సు దిగి నువ్వు నడిచి వస్తుంటే తిట్లు మర్చిపోయాను. మర్రకేష్ నుంచి ప్రార్థనకి కావలసిన పదిమంది మగవాళ్ళని పోగు చేసుకుని, వాళ్ళ ముందు సైన్యాధిపతిలా వచ్చావు. చదవాల్సినవి చదివించావు. ఆ తర్వాత, “ఇంక మీరంతా బయటికి పదండి, టీ చల్లారిపోతుంది,” అని అందరినీ గేటు బయటికి తోలావు. రబ్బీని కూడా. ఆయన వెనక్కి తిరిగి ఏదో అనబోతే, “మీకు కూడా టీ ఉంది,” అన్నావు.

నేను పెట్టెల మీద నుంచి చూశాను. కర్ర పక్కన పెట్టి, రాయి తలవైపు కూర్చున్నావు. అంత కిందికి కూర్చుంటావని, కూర్చుంటే లేవగలవని నేను అనుకోలేదు. వంగావు. చాలాసేపు వంగే ఉన్నావు. ఏమన్నావో వినపడలేదు. గాలి.

గేటు బయట చేతులు కడుక్కుంటూ నా చేతుల వైపు చూశావు. సున్నం కొరికి వేళ్ళన్నీ పొక్కిపోయి ఉన్నాయి, దాచుకున్నాననుకున్నాను.

“నీ నాలుగోవాడు బాగా అందగాడన్నావు,” అన్నావు.

“అవును అమ్మమ్మా.”

“వాడి చేతులకి అర్గాన్ నూనె రాయమను. సున్నం మంచిది కాదు.”

“చెబుతాను.”

“రాయి పడిపోతుంటే పట్టుకున్నాడు. మనిషి చెయ్యి నలగకుండా ఆపాడు. దానికి ఏ కొహెనూ ఏమీ అనలేడు. మీ నాన్నతో నేను మాట్లాడతాను,” అని నా చెంప మీద ఒకటి వేశావు. మెల్లగానే.

అంత తేలిగ్గా క్షమించావు కాబట్టే రాత్రంతా ఇబ్బందిగా ఉంది. ఎందుకంటే నువ్వు క్షమించింది నేను చేసినదాన్ని కాదు. గోడ దూకింది నేను కాదు, నా కాళ్ళు. బుజెమా గొంతు వినగానే అవి నన్ను అడగకుండా దూకాయి. రాయి పట్టుకుంది చేతులు. దానికి ఆలోచన లేదు, నిర్ణయం లేదు, పుణ్యం లేదు, పాపం లేదు. సముద్రం, గాలి, మేస్త్రీ, ముద్రలో సిరా లేకపోవడం, వీటన్నిటికీ నేను నీకు క్షమాపణ చెప్పాను. దేనికి చెప్పాలో దానికి చెప్పలేదు.

రాయి దించాక వాళ్ళు ముగ్గురూ తామో ఇంటికి టీకి వెళ్ళారు. “రా,” అన్నాడు బుజెమా. “వస్తాను,” అన్నాను. అప్పుడు అక్కడ పట్టుకోవడానికి ఏ రాయీ లేదు. గేటు తెరిచే ఉంది. నాకు బయటికి వచ్చేయడానికి కావలసినంత సమయం ఉంది. నేను రాలేదు.

నీ ఉత్తరం నా జేబులో ఉంది. నీ మోకాలి గురించి డాక్టరు చెప్పింది నిజమేననుకున్నాను. నువ్వు రాలేవనుకున్నాను. తామోకి చెబుతానని నీకు రాశాను, కానీ తామోకి చెప్పలేదు. గేటు కమ్మీలు పట్టుకున్న ఆ తొమ్మిదేళ్ళ పిల్ల నాకు తామో కంటే దగ్గర మనిషి అనిపించింది. ఆ పిల్ల అరిచిన చోటే నేనూ ఇన్నాళ్ళు అరిచాను. ఎవరికీ వినపడలేదు.

అందుకని తల ఊరివైపు ఉందో లేదో ఇంకోసారి చూసుకున్నాను. కుడి ఎడమలు లెక్కేసుకున్నాను. హారం పక్కన మట్టిలో కూర్చుని, చెవి ఉండాల్సిన చోట రాయికి రెండు చేతులూ అడ్డం పెట్టి, గాలి తగలకుండా, మెల్లగా చెప్పాను. నీకంటే ముందు. నీ మాట. అది నీది, ఇన్నేళ్ళు నువ్వు దాచుకున్నది, నేను చెప్పకూడనిది. నిన్న నువ్వు వంగి చెప్పేసరికి ఆవిడకి అది పాత కబురు.

నేను నిజంగా చేసింది ఇదొక్కటే అమ్మమ్మా. “పిల్లాడు పాలు తాగాడు,” అన్నాను. గాలి గట్టిగా ఉంది, అందుకని మళ్ళీ ఒకసారి అన్నాను.

నీ మనవడు,
అమ్రామ్